ఏ ఆట ఆడాలని అడిగావుగా

ఒరేయ్ కిరణ్,

నీ ఉత్తరం అందింది. కొత్త కంప్యూటర్ కొన్నావు, ఇన్నేళ్ల తర్వాత మళ్లీ గేమ్స్ మొదలుపెడుతున్నావు, చాలా సంతోషం. "అందరూ పొగిడే ఆటల లిస్టు నాకెక్కడైనా దొరుకుతుంది, నీకు నిజంగా ఏమనిపించిందో రాయి" అన్నావు. సరే, మొహమాటం లేకుండా రాస్తాను. కొన్నిచోట్ల నీకు కోపం వస్తుంది, ముఖ్యంగా రెడ్ డెడ్ దగ్గర. దాని ట్రైలర్లు చూసి ఎంత ఉబలాటపడుతున్నావో నాకు తెలుసు.

అందుకే ముందు దాని సంగతే చెప్తా. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 వచ్చింది 2018లో. కథ మొదలయ్యేది 1899లో, అమెరికాలో దోపిడీ ముఠాల కాలం ముగిసిపోతున్న రోజుల్లో. ఆర్థర్ మోర్గన్ అనే ముఠా మనిషిగా ఆడతాం. మనుషుల్ని ఇంత బాగా రాసిన గేమ్‌లు చాలా తక్కువరా. కాసేపు మిషన్లన్నీ పక్కనపెట్టి ఊరికే వాళ్ల శిబిరంలో తిరుగు. మంట దగ్గర ఒకరు పాత గొడవ తవ్వుతుంటారు, ఇంకొకరు పాట అందుకుంటారు, ఆర్థర్ వెళ్లి కూర్చుంటే అతనితోనూ మాట కలుపుతారు. అతని డైరీ తెరిస్తే తను చూసిన జంతువుల బొమ్మలు, తిరిగిన చోట్ల బొమ్మలు గీసుకుని ఉంటాయి. బయటికి అంత మొరటుగా కనిపించే మనిషి లోపల ఎలాంటివాడో ఆ పేజీల్లో తెలుస్తుంది. వేటాడిన జంతువు చర్మం ఒలవడం, భుజాన వేసుకుని రావడం, గుర్రం మీద పడేయడం, అన్నీ నిదానంగా మన కళ్లముందే జరుగుతాయి. చాలామందికి ఈ నిదానం విసుగు. నాకు మాత్రం అదే ఇష్టం.

నా గొడవ వేరే. అంత పెద్ద ప్రపంచం చేతికిచ్చి, తీరా మిషన్ మొదలయ్యేసరికి మనకి ఊపిరాడనివ్వదు. ఇటు వెళ్లు, ఇక్కడ దాక్కో, ఇప్పుడు కాల్చు. శత్రువుల వెనక నుంచి చుట్టి వద్దామని కాస్త పక్కకి వెళ్తే మిషన్ ఫెయిల్. బయట తిరిగినంతసేపూ మనల్ని తెలివైనవాడిలా చూసిన ఆటే, కథ దగ్గరకొచ్చేసరికి ఏమీ తెలియని పిల్లాడిలా చూస్తుంది. నేను ఇప్పుడు ఏ గేమ్‌లోనైనా ముందు చూసేది ఇదే. ఆడేవాడి బుర్ర మీద ఆ ఆటకి నమ్మకం ఉందా, లేదా? గ్రాఫిక్స్ ఎంత బాగున్నా, అది లేకపోతే నాకు మనసు నిలవదు. అయినా రెడ్ డెడ్ ఆడు. ఆర్థర్ కోసమైనా ఆడాలి.

విచర్ 3 (2015) మీద కూడా నాది దాదాపు ఇదే మాట. అందులో బ్లడీ బారన్ కథ ఉంటుంది. భార్య, కూతురు కనిపించకుండా పోయారని ఒక సైనికాధికారి నీ సాయం అడుగుతాడు. ముందు జాలేస్తుంది, తర్వాత అసహ్యమేస్తుంది, ఆ తర్వాత ఏమనుకోవాలో తెలియదు. కత్తియుద్ధం మాత్రం నాకు చివరిదాకా నచ్చలేదు. పైగా మనం ఆడించే గెరాల్ట్ అనే వేటగాడు జాడలు వెతికేటప్పుడు ఒక బటన్ పట్టుకుంటే అడుగుజాడలు ఎర్రగా మెరుస్తాయి, వాటి వెంట నడిస్తే చాలు. ఏం కనిపెట్టాడో అతనే పైకి చెప్పేస్తాడు. వెతికింది నేను కాదుగా అనిపిస్తుంది.

నిజంగా వెతకడం అంటే ఏంటో చూడాలంటే రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్ ఆడు. లూకస్ పోప్ అనే ఆయన దాదాపు ఒక్కడే చేసిన ఆట, 2018లో వచ్చింది. 1807లో ఒక ఓడ మనుషులెవరూ లేకుండా తీరానికి తిరిగొస్తుంది. నువ్వు ఈస్టిండియా కంపెనీ తరఫున ఇన్సూరెన్స్ లెక్కలు చూడటానికి వెళ్తావు. నీ దగ్గరొక గడియారం ఉంటుంది. శవం దగ్గర దాన్ని తెరిస్తే, ఆ మనిషి చనిపోయిన క్షణం కదలకుండా నీ చుట్టూ నిలబడుతుంది. దాని మధ్యలో తిరిగి చూడొచ్చు. ఓడలో 60 మంది. ప్రతి ఒక్కరి పేరేంటో, ఏమయ్యారో, ఎవరి చేతిలో పోయారో నువ్వే పుస్తకంలో రాయాలి. అన్నీ నలుపు తెలుపు చుక్కల బొమ్మలే, రెండు రంగులకి మించి ఉండవు. అయినా చూడాల్సింది అంతా కనిపిస్తూనే ఉంటుంది. ఒక్క ఉదాహరణ చెప్పి ఊరుకుంటా. ఒక దృశ్యంలో నావికులు ఉయ్యాల పక్కల్లో పడుకుని ఉంటారు. వాటికి నంబర్లుంటాయి. నీ చేతిలోని సిబ్బంది జాబితాలోనూ నంబర్లుంటాయి. అంతే. ఆట ఎక్కడా బాణం గుర్తు పెట్టదు, మెరిపించదు. నీ అంతట నీకు తట్టాల్సిందే. మూడు పేర్లు సరిగ్గా పడితేనే "సరే" అంటుంది కాబట్టి, గుడ్డిగా ఊహించి నెట్టుకురావడం కష్టం. ఆ మూడూ ఒక్కసారిగా ఖాయమైనప్పుడు కలిగే ఆనందం నాకు ఏ ఆటలో ఏ బాస్‌ని (దారికి అడ్డొచ్చే పెద్ద శత్రువుని) కొట్టినా రాలేదు.

బాస్ అంటే గుర్తొచ్చింది, ఎల్డెన్ రింగ్ గురించి అడిగావు. 2022లో వచ్చింది. అది నీకు అర్థం కాదేమో, మరీ కష్టమేమో అని భయపడకు. బయటి ప్రపంచంలోకి అడుగుపెట్టగానే బంగారు కవచంతో ట్రీ సెంటినల్ గుర్రం మీద తిరుగుతూ కనిపిస్తాడు. నువ్వు వెళ్తావు, చంపేస్తాడు. మళ్లీ వెళ్తావు, మళ్లీ అంతే. అక్కడ ఆట నీకు నోరు విప్పి చెప్పని పాఠం ఒకటుంది: ఇప్పుడే ఎందుకు, పక్కనుంచి వెళ్లిపో, బలం తెచ్చుకుని తర్వాత రా. అది అర్థమయ్యాక ప్రపంచమంతా నీదే. ఒక్క లోపం చెప్పాలంటే, అంత పెద్దది చేసేసరికి సరుకు చాలలేదు. సమాధుల్లో, గుహల్లో చూసిన బాస్‌లే మళ్లీ మళ్లీ ఎదురవుతుంటాయి. సగం నుంచి ఆ చిన్న గుహలు నేను వదిలేశాను. దీన్ని చేసిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ కంపెనీదే 2011 నాటి డార్క్ సోల్స్ చూడు, ఒక్క అంగుళం వృథా లేదు. ఎంతో దూరం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పోయి, ఒక చర్చి పక్కన లిఫ్ట్ ఎక్కి దిగితే, మొదట్లో బయల్దేరిన ఫైర్‌లింక్ దగ్గరే తేలతావు. ఆ లిఫ్ట్ కిందికి దిగేటప్పుడు నేను నోరెళ్లబెట్టాను.

ఈ ఆటలు ఆడేవాళ్లలో కొందరికి ఒక పట్టింపు ఉంది, కష్టం తగ్గించి ఆడితే అసలు ఆడినట్టే కాదని. నాకు ఒళ్లు మండుతుంది. 2018లో వచ్చిన సెలెస్ట్ చూడమంటాను అలాంటివాళ్లకి. మ్యాడలీన్ అనే అమ్మాయి కొండెక్కే ఆట, గెంతులాటల్లో అంత కష్టమైనవి కొన్నే. కానీ అందులో అసిస్ట్ మోడ్ ఉంది. వేగం తగ్గించుకోవచ్చు, అసలు చనిపోకుండా కూడా పెట్టుకోవచ్చు. దానివల్ల ఎవరి గెలుపూ తగ్గలేదు. ఇంకో సంగతి, అంచు దాటి కాలు గాల్లోకి వెళ్లాక కూడా రెప్పపాటు కాలం గెంతు బటన్ పనిచేస్తుంది. మన వేలు కాస్త ఆలస్యమైనా ఆట సర్దుకుపోతుంది. ఆడేటప్పుడు ఆ సంగతి తెలియదు, "అబ్బ, భలే పట్టుకున్నా" అనిపిస్తుంది. కష్టంగా ఉంటూనే మన పక్షాన ఉండటమంటే అది.

లాస్ట్ ఆఫ్ అస్ రెండో భాగం (2020) గురించి జనం ఇంకా కొట్టుకుంటున్నారు. ఏం జరుగుతుందో చెప్పను, మొదటి భాగం ఆడాకే దాని దగ్గరికి వెళ్లు. అంత ధైర్యంగా కథ నడిపినందుకు నాకు గౌరవమే. కానీ ఘోరం చేయడానికి బటన్ నొక్కమంటుంది, నొక్కకపోతే కథ కదలదు, నొక్కాక "చూశావా ఏం చేశావో" అన్నట్టు చూస్తుంది. నాకు వేరే దారి ఇవ్వనప్పుడు ఆ తప్పు నా మీద ఎలా వేస్తారు?

అసాసిన్స్ క్రీడ్ వల్హల్లా వద్దు. మ్యాప్ నిండా చుక్కలు, వాటిని తుడుస్తూ పోవడమే పని. సైబర్‌పంక్ 2077 ఇప్పుడు బాగుంది, నిశ్చింతగా ఆడొచ్చు. 2020 డిసెంబర్‌లో వచ్చినప్పుడు మాత్రం ఎంత అధ్వానంగా ఉందంటే, సోనీ తన స్టోర్ నుంచే కొన్ని నెలలు తీసేసింది. మొదటిరోజే నమ్మి కొన్నవాళ్లకి జరిగింది అన్యాయమే. అందుకే ముందుగా డబ్బు కట్టి ఏ గేమ్ కొనకు, ఎంత పెద్ద పేరున్నా సరే.

ఫోన్‌లో ఫ్రీ అని ఊరించి, లోపల అదృష్టం పెట్టెలు అమ్మే ఆటల జోలికి అస్సలు పోకు. పెట్టెలో ఏముందో తెలియకుండా డబ్బు పెట్టడం జూదమే. బెల్జియం 2018లో వాటిని జూదం చట్టం కిందకే తెచ్చింది. పిల్లల చేతికి అవి వెళ్లడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇక అసలుది. ఒక్కటే ఆడతానంటే ఔటర్ వైల్డ్స్ ఆడు, 2019లో వచ్చింది. చిన్న నౌకలో బుల్లి సౌరకుటుంబమంతా తిరగొచ్చు. 22 నిమిషాలకి సూర్యుడు పేలిపోతాడు, నువ్వు మళ్లీ మంట పక్కన నిద్ర లేస్తావు. ఇది చెప్పినా పర్లేదు, త్వరలోనే నీకే తెలుస్తుంది. కొత్త ఆయుధాలు లేవు, లెవెల్స్ లేవు. మొదట్లో ఉన్న నౌకే చివరిదాకా. పెరిగేది నీకు తెలిసిన సంగతులు మాత్రమే. జంట గ్రహాలు ఉంటాయి, ఒకదాని మీది ఇసుక ఇంకోదాని మీదికి ధారగా పోతుంటుంది. నువ్వు ఒక గుహలో గోడ మీద రాత చదువుతుంటే కింద ఇసుక మెల్లగా పైకి లేస్తుంది. చదవడం పూర్తిచేయాలా, పరిగెత్తాలా? అదే సమయంలో రెండో గ్రహం మీద ఇసుక తగ్గి, అప్పటిదాకా పూడిపోయి ఉన్నవి బయటపడుతుంటాయి. ఎప్పుడు ఎక్కడ ఉండాలో నువ్వే తేల్చుకోవాలి. నౌక నడపడం మొదట్లో చిరాకు పెడుతుంది, ఓపిక పట్టు. ఆటోపైలట్‌ని గుడ్డిగా నమ్మకు, దారిలో సూర్యుడున్నా తప్పించుకోదు.

దీని గురించి వీడియోలు చూడకు, ఏమీ చదవకు. ఒకసారి తెలిసిపోతే మళ్లీ తెలియనట్టు ఆడటం కుదరదు. ఎక్కడైనా చిక్కుకుపోతే నాకు రాయి, జవాబు చెప్పను గానీ ఎటు చూడాలో చిన్న సూచన ఇస్తా. ముందు ఏ గ్రహానికి వెళ్లావో మాత్రం తప్పకుండా రాయి, వినాలని ఉంది.

నీ
శేఖర్