తాళం వేయకుండానే మూతపడ్డ టీకాల గది

వర్ధమాన దేశాల ఆరోగ్య మంత్రులకు నమస్కారం.

లాక్‌డౌన్ ఉత్తర్వులో ‘పిల్లల టీకాలు బంద్’ అని మామూలుగా ఎవరూ రాయరు. ఆసుపత్రులకు మినహాయింపు అనే రాస్తారు. అయినా 2020లో ఎన్నో చోట్ల టీకాల గదులు ఖాళీ అయిపోయాయి. బస్సుల్లేక కొందరు తల్లులు రాలేదు. ఆసుపత్రికి పోతే కరోనా అంటుకుంటుందన్న భయంతో మరికొందరు రాలేదు. ధైర్యం చేసి వచ్చినవాళ్లకు నర్సు కనబడలేదు, ఆమెను కోవిడ్ డ్యూటీకి పంపేశారు. నర్సు ఉన్నచోట సరుకు అందలేదు. మార్చి చివరి వారం నుంచి తాను పంపాల్సిన వ్యాక్సిన్ల రవాణా 70-80 శాతం పడిపోయిందని యునిసెఫ్ ఆ మే నెల మొదట్లోనే చెప్పింది. విమానాలు ఆగిపోయాయి. దొరికిన వాటిలో సరుకు చార్జీలు రెండింతలు, మూడింతలు.

గుంపులు చేరే టీకా కార్యక్రమాలను తాత్కాలికంగా ఆపండి, రోజువారీ టీకాలను మాత్రం వీలైనంతవరకు కొనసాగించండి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మార్చిలోనే సలహా ఇచ్చింది. అందులో మొదటి సగమే కింది దాకా గట్టిగా వినబడిందేమో అనిపిస్తుంది నాకు.

మీ బల్ల మీదకు రాని ఒక చిన్న సంగతి చెబుతాను. తట్టు టీకా పొడి రూపంలో వస్తుంది. ద్రావకం కలిపాక ఆరు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారేయాలి. చాలాచోట్ల ఒక్కో సీసాలో పది డోసులుంటాయి. లాక్‌డౌన్‌లో ఓ పొద్దున ఇద్దరే పిల్లలొచ్చారనుకోండి. సీసా తెరిస్తే ఎనిమిది డోసులు వృథా. నెలాఖరు రిపోర్టులో ‘వేస్టేజ్’ గడి ఎందుకంత పెరిగిందో ఆ నర్సే జవాబు చెప్పుకోవాలి. తెరవకపోతే అడిగేవాళ్లు లేరు. అందుకే ‘వచ్చే వారం రామ్మా’ అంటుంది. పోలీసులకు సర్దిచెప్పుకుంటూ నడిచొచ్చిన ఆ తల్లి మళ్లీ వారం వస్తుందా? నర్సును నేను తప్పుపట్టను. పారేసిన డోసును లెక్కపెట్టి, వెనక్కి వెళ్లిన పిల్లను లెక్కపెట్టని ఆ రిపోర్టు మీది.

ఆ పిల్లల లెక్క ఆలస్యంగా బయటికొచ్చింది. 2020లో ప్రపంచం మొత్తం మీద 2.3 కోట్ల మంది పిల్లలకు ప్రాథమిక టీకాలు పూర్తిగా అందలేదు. అంతకుముందు ఏడాదికంటే 37 లక్షలు ఎక్కువ. 2021లో అది 2.5 కోట్లయింది. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాలకు మూడు డోసులూ పడిన పిల్లలు 2019లో 86 శాతం ఉంటే రెండేళ్లలో 81 శాతానికి దిగారు. ఐదు శాతమే కదా అనుకోకండి. అదే గదిలో వేసే తట్టు టీకా సంగతే చూడండి. తట్టును ఊళ్లోకి రాకుండా ఆపాలంటే నూటికి 95 మందికి రెండు డోసులూ పడి ఉండాలి, ఆ జబ్బు సందు దొరికితే చాలు దూరిపోతుంది. 2022లో ప్రపంచంలో తట్టుతో సుమారు 1,36,000 మంది చనిపోయారని అంచనా, ఎక్కువమంది పిల్లలే. 2021 మీద 43 శాతం ఎక్కువ.

మహమ్మారి మధ్యలో ఇంత రిస్కు ఎలా తీసుకుంటాం అంటారు. న్యాయమైన ప్రశ్నే. లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్ పరిశోధకులు ఆఫ్రికా దేశాల మీద 2020లోనే ఆ లెక్క వేశారు. టీకా కోసం వెళ్లిరావడం వల్ల కోవిడ్‌తో అదనంగా ఒకరు చనిపోతే, టీకాలు ఆపకపోవడం వల్ల 84 మంది పిల్లల ప్రాణాలు నిలుస్తాయని వాళ్ల అంచనా. అంచనాలో ఎంత తేడా ఉన్నా త్రాసు ఎటు మొగ్గుతుందో తెలుస్తూనే ఉంది. దానికి ముందే కాంగో ప్రజాస్వామ్య రిపబ్లిక్‌ను చూశాం. 2019లో లోకమంతా అక్కడి ఎబోలా వైపు చూస్తుంటే, తట్టు 6,000 మందికి పైగా ప్రాణాలు తీసింది, ఎబోలాకంటే చాలా ఎక్కువ.

అందుకే, మళ్లీ లాక్‌డౌన్ పెట్టాల్సి వస్తే, మొదటి రోజు ఉత్తర్వులోనే పిల్లల టీకాలు నడుస్తాయని పేరు పెట్టి రాయండి. టీకాల కార్డునే రోడ్డు మీద పాస్‌గా చెల్లనివ్వండి. టీకాల నర్సును వేరే డ్యూటీకి లాగొద్దు. ఒక్క పిల్ల వచ్చినా సీసా తెరవొచ్చని సంతకం పెట్టి పంపండి, దానికి సరిపడా అదనపు సీసాలు కొనండి. ఖర్చే, కాదనను.

ఇక అప్పుడు టీకాలు తప్పిపోయిన పిల్లలున్నారు. ‘వయసు దాటింది’ అని గుమ్మంలోనే తిప్పి పంపించేస్తున్న చోట్లున్నాయి. డోసుల మధ్య ఎంత గ్యాప్ వచ్చినా మొదట్నుంచి మళ్లీ వేయనక్కర్లేదు, ఆగిన దగ్గర్నుంచి కొనసాగిస్తే చాలు. ఈ సంగతి తెలియక భయపడే తల్లులు ఎందరో. 2020లో పుట్టిన పిల్లలు ఇప్పుడు బడి ఈడుకొచ్చారు. బడిలో చేర్చుకునేటప్పుడు టీకాల కార్డు అడగమనండి. ఖాళీ గడి కనబడితే అడ్మిషన్ ఆపకుండా, ఆ పిల్లను టీకాల గదికి పంపమనండి.

ఇట్లు,
పిల్లల టీకాల కార్డు భద్రంగా దాచుకునే తల్లిదండ్రుల్లో ఒకరు