ఉష్ణమండల రోగాల పాత బులెటిన్ల తాళం తీయించండి
కేంద్ర వ్యవసాయ శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర వ్యవసాయ, రైతు సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

మలేరియా గురించి, కాలా అజార్ (నల్లజ్వరం) గురించి, బోదకాలు గురించి వ్యవసాయ మంత్రికి ఉత్తరం రాయడమేమిటని మీ కార్యాలయంలో ఎవరైనా దీన్ని ఆరోగ్య శాఖకు మళ్లించబోతారేమో. దయచేసి మళ్లించవద్దు. నేను అడగబోయే పని మీ చేతిలోనే ఉంది.

ఇంగ్లండ్ ప్రధాన కేంద్రంగా పనిచేసే 'క్యాబి' అనే అంతర్జాతీయ సంస్థలో మన దేశం సభ్యురాలు. ఆ సభ్యత్వ వ్యవహారాలు చూసేది మీ మంత్రిత్వ శాఖ కింద ఉన్న వ్యవసాయ పరిశోధన, విద్యా విభాగం. పంటల తెగుళ్లు, పురుగులు, వాటి గురించిన సమాచారం, ఇదీ ఆ సంస్థ ప్రధానమైన పని. 1993లో అది లండన్‌లోని బ్యూరో ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ డిసీజెస్‌ను తనలో కలుపుకుంది. ఆ విధంగా ఎనభై ఏళ్లకు పైగా పోగైన వైద్య విజ్ఞానం ఒకటి పంటల సంస్థ బీరువాలోకి చేరింది. మన తరఫున ఆ బీరువా తాళంచెవి అడగగలిగినవారు మీరు.

ఆ బ్యూరో సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఉగాండాలో, విక్టోరియా సరస్సు ఒడ్డున, నిద్రరోగం ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టింది. రెండు లక్షల మందికి పైగా చనిపోయారు. ఆ రోగాన్ని సెట్సీ ఈగ మోసుకొస్తుందని డేవిడ్ బ్రూస్ 1903లో తేల్చారు. 1907, 1908 సంవత్సరాల్లో ఐరోపా ప్రభుత్వాలు లండన్‌లో సమావేశమయ్యాయి. అన్ని దేశాలకూ కలిపి ఒకే సమాచార కేంద్రం పెట్టుకుందామనుకున్నాయి. అది ఎక్కడ ఉండాలో, ఎవరి చేతిలో ఉండాలో ఒప్పందం కుదరలేదు. రోగానికి సరిహద్దులు లేకపోయినా ఫైళ్లకు ఉంటాయి కదా. చివరికి బ్రిటన్ ఒంటరిగానే 1908లో స్లీపింగ్ సిక్‌నెస్ బ్యూరోను తెరిచింది. అక్కడి శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీ తన భవనంలో గదులిచ్చింది. ఖర్చులో సూడాన్ ప్రభుత్వం కూడా వాటా పెట్టుకుంది. ఉగాండాలో వైద్యాధికారిగా పనిచేసి, సెట్సీ ఈగను దాని నెలవుల్లోనే పరిశీలించిన ఆర్థర్ బాగ్‌షా దానికి డైరెక్టరయ్యారు. 1935 వరకు ఆయనే ఆ కుర్చీలో ఉన్నారు. నిద్రరోగంతో మొదలై, 1911లో కాలా అజార్‌కు విడిగా ఒక బులెటిన్ పెట్టి, 1912లో ఉష్ణమండల రోగాలన్నిటినీ తన పరిధిలోకి తెచ్చుకుని, అది ట్రాపికల్ డిసీజెస్ బ్యూరోగా మారింది. క్యాబి తనలో కలుపుకున్నది దీన్నే, పేరులో తర్వాత హైజీన్ చేరింది. ఆ ఏడాదే ట్రాపికల్ డిసీజెస్ బులెటిన్ వెలువడడం మొదలైంది.

ఆ బ్యూరోకు ప్రయోగశాల లేదు, ఆసుపత్రి లేదు. చదవడమే దాని పని. ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, ఇటాలియన్, పోర్చుగీసు భాషల్లో వచ్చే వైద్య పత్రికలు లండన్ చేరేవి. ఒక్కొక్క రోగానికి దాన్ని బాగా ఎరిగిన ఒక సమీక్షకుడు ఉండేవాడు. వ్యాసం మొత్తం చదివి, అందులో కొత్తగా ఏముందో తన మాటల్లో కుదించి రాసేవాడు. అక్కడితో ఆగేవాడు కాడు. రచయిత లెక్క తప్పితే, రుజువు చాలకపోతే, ఈ మాట ఇదివరకే మరొకరు చెప్పారనిపిస్తే, ఆ అభిప్రాయాన్ని చదరపు బ్రాకెట్లలో పెట్టి అక్కడే రాసేవాడు. కింద తన పొడి అక్షరాలు వేసేవాడు. అంటే మాటకు బాధ్యుడు ఫలానా అని తెలిసేది. నేను ఒక వైద్య కళాశాల గ్రంథాలయంలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ని. అట్టలు ఊడిన ఆ బులెటిన్ సంపుటాలు తిరగేస్తున్నప్పుడల్లా నా చూపు ముందు ఆ బ్రాకెట్ల మీదికే పోయేది. మూడు వాక్యాల్లో ముప్పై పేజీల వ్యాసాన్ని తూచి పక్కన పెట్టిన సందర్భాలు వాటిలో కనిపిస్తాయి. ఇవాళ కంప్యూటర్ మీట నొక్కితే వేల సారాంశాలు వస్తాయి. వాటిలో అత్యధికం రచయితలు తమ గురించి తామే రాసుకున్నవి. పెళ్లికొడుకు గుణగణాలు పెళ్లికొడుకునే అడిగినట్టుంటుంది.

ఆ బ్యూరోను నెత్తిన పెట్టుకోమని చెప్పడం నా ఉద్దేశం కాదు. అది దయతో పుట్టలేదు. కూలీలు చస్తే తోటలు ఆగిపోతాయి, రైలు మార్గాలు ఆగిపోతాయి, పన్నులు ఆగిపోతాయి. ఉగాండాలో సరస్సు ఒడ్డున తరతరాలుగా చేపలు పట్టుకుని బతికినవారిని గవర్నర్ హెస్కెత్ బెల్ లోపలికి తరలించారు. అది రోగాన్ని ఆపడానికే అయినా, కదిలినవాళ్ల మాట ఆ పేజీల్లో వినిపించదు. రోగి అక్కడ ఒక అంకె. సూక్ష్మదర్శిని దగ్గర కూర్చుని వేల రక్తపు చుక్కలు చూసిన మన దేశపు సహాయకులకు చాలాచోట్ల పేరే దక్కలేదు. అందుకే అంటున్నాను, ఆ రక్తం ఎవరిదో వారికి ఆ కాగితాలు చదివే హక్కుండాలని.

ఇందులో మన వాటా తక్కువేమీ కాదు. కాలా అజార్ క్రిమిని 1903లో మద్రాసులో చార్లెస్ డోనవన్ గుర్తించారు. ఇంగ్లండ్‌లో విలియం లీష్‌మన్ అనే వైద్యుడు కూడా దాన్నే చూశారు. ఇద్దరి పేర్లూ కలిపి దానికి లీష్‌మేనియా డోనవానీ అని పేరుపెట్టిన రోనాల్డ్ రాస్, అంతకు ఆరేళ్ల ముందు సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన మనిషి. బోదకాలు నివారణకు మన ప్రభుత్వం ఊరూరా పంచే డీఈసీ మాత్ర వెనక ఎల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని బృందం కృషి ఉంది. ఇవి అందరికీ తెలిసినవే. తెలియనిది ఒకటి చెబుతాను. 1914లో పెర్రీ అనే వైద్యుడు అప్పటి విశాఖపట్నం జిల్లాలో ఉన్న జయపురం కొండ ప్రాంతపు మలేరియా మీద భారతీయ వైద్య పరిశోధన పత్రికలో వ్యాసం రాశారు. తర్వాత 1930ల్లో బెంగాల్ నాగపూర్ రైల్వే మలేరియా నిపుణుడు సీనియర్ వైట్ అవే కొండల్లో తిరిగి, వాగుల్లో పుట్టే ఫ్లూవియాటిలిస్ దోమ అక్కడి మలేరియాకు ముఖ్య కారణమని చూపించారు. ఏ దోమ ఏ నీళ్లలో గుడ్లు పెడుతుంది, ఏ నెలలో ఎక్కువవుతుంది, పశువుల కొట్టంలో ఎంత, మనిషి ఇంట్లో ఎంత, ఇవన్నీ అప్పటివారు ఓపికగా లెక్కకట్టారు. అల్లూరి సీతారామరాజు జిల్లాలోనో పార్వతీపురం మన్యంలోనో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కొత్తగా చేరిన డాక్టరుకు ఇది చరిత్ర పాఠం కాదు. అడవి ఎక్కడ తగ్గిందో, వాగు ఎక్కడ చెరువైందో, దోమ ఎక్కడ మారిందో చెప్పాలంటే పాత లెక్క దగ్గర ఉండాలి. ఇలాంటి పనులు ఎక్కడ అచ్చయ్యాయో వెతికి పట్టుకోవడానికి ఆ బులెటిన్‌ను మించిన దారి నాకు కనిపించలేదు.

ఆ పాత సారాంశాలను భద్రపరిచే పని క్యాబి చక్కగానే చేసింది. బులెటిన్‌తో పాటు మరికొన్ని సారాంశ పత్రికలను కలిపి, 1910 నుంచి 1983 వరకు ఎనిమిది లక్షలకు పైగా సారాంశాలను గ్లోబల్ హెల్త్ ఆర్కైవ్ పేరుతో కంప్యూటర్‌కెక్కించింది. కానీ అది చందా కట్టిన సంస్థలకే తెరుచుకుంటుంది. మన్యం డాక్టరు సంగతి అటుంచండి, జిల్లా ఆసుపత్రికి కూడా అంత స్తోమత ఉండదు. పరిశోధన పత్రికలకు దేశం మొత్తానికీ కలిపి చందా కట్టే 'ఒక దేశం ఒకే చందా' పథకం ఉంది కదా అనవచ్చు. అది ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకూ కేంద్ర పరిశోధన సంస్థలకూ ఉద్దేశించినది. ఆరోగ్య కేంద్రం అందులో లేదు.

క్యాబి వైపు నుంచి ఒక న్యాయమైన మాట వస్తుంది. ఆ సంస్థ తన ప్రచురణల రాబడి మీద కూడా ఆధారపడి బతుకుతోంది, ఉచితంగా ఇస్తే నష్టం ఎవరు భరిస్తారని. కొత్త సారాంశాలను ఉచితంగా ఇమ్మని నేను అడగడం లేదు. నలభై ఏళ్లు దాటిన సరుకు గురించే అడుగుతున్నాను. ఆ సరుకును పోగుచేసిన బ్యూరో బ్రిటిష్ ఖజానాతో పాటు వలస ప్రభుత్వాల చందాలతో నడిచింది. ఆ ప్రభుత్వాలు వాటిని పన్నుల నుంచే కట్టాయి. ఒకసారి కట్టిన వాళ్లనే మళ్లీ కట్టమనడం సరికాదు. నష్టం నిజంగా ఉంటే, సభ్యదేశాలు తలా కొంత వేసుకుని ఒక్కసారిగా ఆ హక్కును విడిపించుకోవచ్చు. ఉగాండా, ఘనా, కెన్యా వంటి దేశాలు ఈ మాటకు అడ్డు చెబుతాయని నేను అనుకోను.

కాబట్టి నా విన్నపం ఇది. క్యాబి సభ్యదేశాల తదుపరి సమావేశంలో గ్లోబల్ హెల్త్ ఆర్కైవ్‌ను సభ్యదేశాల పౌరులందరికీ ఉచితంగా తెరవాలని భారత్ తరఫున ప్రతిపాదించండి. ఆ ప్రతిపాదన పాఠాన్ని మీ శాఖ వెబ్‌సైట్‌లో పెట్టండి. ఆరోగ్య మంత్రిగారిని సంప్రదించి, మలేరియా, కాలా అజార్, బోదకాలు, స్క్రబ్ టైఫస్ మీద నెలనెలా వచ్చే పరిశోధనలను చదివి, బ్రాకెట్లలో మొహమాటం లేకుండా అభిప్రాయం రాసి, కింద సంతకం పెట్టే ఒక చిన్న బృందాన్ని నియమించమని కోరండి. ఆ సారాంశాలు తెలుగులోనూ, ఒడియాలోనూ, హిందీలోనూ ఆరోగ్య కార్యకర్తలకు అందితే ఇంకా మంచిది. దీనికి భవనం అక్కర్లేదు, శంకుస్థాపన అక్కర్లేదు. బాగ్‌షా మొదలుపెట్టింది అరువు గదుల్లోనే.

మీ విభాగం ఇప్పటికే ఈ ప్రతిపాదన చేసి ఉంటే, క్యాబి ఏమని జవాబిచ్చిందో ప్రజలకు తెలియజేయగలరు.

భవదీయుడు,
వైద్య కళాశాల విశ్రాంత గ్రంథపాలకుడు