తప్పు మీ తోడుది కాదు, మా పాలదే

మూడు వారాల కిందట వరసగా రెండు రోజులు మన కస్టమర్లలో కొందరి ఇళ్లలో పెరుగు తోడుకోలేదు. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార నుంచి తొమ్మిది ఫోన్లు వచ్చాయి. ఒకావిడ "రాత్రి తోడేశాను, పొద్దున చూస్తే పాలు పాలలాగే ఉన్నాయి" అంటే, "తోడు పాతదై ఉంటుందమ్మా, వాన పడి చల్లబడింది కదా" అన్నాను. అప్పటికే మా ఇంట్లో గిన్నె కూడా అలాగే ఉంది. తెలిసే అన్నాను. క్షమించండి.

గేదెకి వేసిన యాంటీబయాటిక్ మందు పాలలోకి వస్తే అది తోడులోని బ్యాక్టీరియాను ఆపేస్తుంది, పెరుగు తోడుకోదు. ఆ అనుమానంతో, ఆనందపురం వైపు నుంచి వచ్చే క్యాన్లలోంచి తీసి, వెన్న శాతం చూశాక ఫ్రిజ్‌లో ఉంచిన శాంపిళ్లు పట్టుకుని ఒక ల్యాబ్‌కి వెళ్లాను. పాలలో పెన్సిలిన్ జాతి మందులను వెలుగుతో పట్టే పరీక్ష అక్కడ చేస్తారు. వివరంగా చెప్తాను, ఎందుకంటే నాకే భలే నచ్చింది.

అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ పళ్లెం, అందులో 96 చిన్న గుంటలు. ప్రతి గుంట అడుగున ఆ మందును పట్టుకునే యాంటీబాడీలు అంటించి ఉంటాయి. వాటిని బస్సులో సీట్లనుకోండి. పాలు పోస్తే, అందులో మందు ఉంటే అది ముందే కర్చీఫ్ వేసేస్తుంది. తర్వాత అదే మందుకి ఒక ఎంజైమ్ తగిలించి పోస్తారు. మిగిలిన సీట్లే దానికి దక్కుతాయి. సీటు దొరకనిదంతా కడిగేసి, ల్యూమినాల్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వేస్తారు. ఎంజైమ్ కూర్చున్న చోట నీలం వెలుగు పుడుతుంది. నేరం జరిగిన చోట రక్తపు మరకలు వెతకడానికి వాడేదీ ఈ ల్యూమినాలే. మిణుగురు పురుగులాగే వేడి లేని వెలుగు.

అంటే లెక్క తిరగేసి చూడాలి. బాగా వెలిగితే పాలు మంచివి, వెలుగు తగ్గితే మందు ఉన్నట్టు. గుంటలో వెలుగు కంటికి ఆనదు, మెషీనే కొలుస్తుంది. అక్కడి అమ్మాయి నా కోసం గది లైటు తీసేసి, గాజు గొట్టంలో కొంచెం ఎక్కువ కలిపి చూపించింది. గొట్టమంతా నీలంగా వెలిగి మెల్లగా ఆరిపోయింది. తర్వాత స్క్రీన్ మీద మా క్యాన్ల అంకెలు చూపించింది. అన్నీ వేలల్లో ఉంటే ఒక్కటి మాత్రం అడుగున పడి ఉంది.

ఆ క్యాన్ రైతు గేదెకి పొదుగువాపు వచ్చింది. డాక్టరు రాసిన ట్యూబులు చన్నుల్లోకి ఎక్కించారు. మందు పెట్టె మీద రాసిన గడువు అయ్యేదాకా పాలు పొయ్యకూడదు. "మూడు పూటలు పారబోశాను బావూ, ఇంకెన్నాళ్లు పారబోస్తాను?" అన్నాడు. ఆయన మీద నాకు పెద్దగా కోపం రాలేదు. ఆ పాల డబ్బుతోనే దాణా కొనాలి. గేదెకి మందు వేస్తున్నారా అని ఏ రోజూ అడగని నాది పెద్ద తప్పు.

ఒక్క గేదె పాలు అన్ని క్యాన్లతో కలిస్తే పలచబడిపోతాయిగా అంటారేమో. నేనూ అలాగే అనుకున్నాను. పాలలో పెన్సిలిన్‌కి కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు కిలోకి 4 మైక్రోగ్రాములు. ఆ లెక్కన ఒక గ్రాము మందు సుమారు రెండున్నర లక్షల లీటర్లను హద్దు దాకా తీసుకెళ్లగలదు. 2018లో మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దేశమంతా చేసిన పాల సర్వేలో 6,432 శాంపిళ్లకి 77 యాంటీబయాటిక్ మందుల విషయంలో హద్దు దాటాయి. చిన్న సంఖ్యేలే అని అప్పట్లో వదిలేశాను. ఇప్పుడు మా క్యానే అలా తేలింది.

కాగబెడితే మందు పోతుందని నమ్మకండి, చాలావరకు మిగిలే ఉంటుంది. పెరుగు తోడుకుంది కాబట్టి పాలు శుభ్రమనీ కాదు. తోడులోని బ్యాక్టీరియాను ఆపలేనంత తక్కువ మందు కూడా పాలలో ఉండొచ్చు. పెన్సిలిన్ పడని వాళ్లు మీ ఇంట్లో ఉంటే మాకు చెప్పండి.

ఇకపై తెల్లవారుజామున ప్రతి క్యాన్‌ని, కలపకముందే, మందు ఉందో లేదో గీతలతో చెప్పే స్ట్రిప్ వేసి చూస్తాం. కొద్ది నిమిషాల పని. వెలుగు పరీక్ష రోజూ చేయించలేం, ఖర్చూ ఎక్కువ, ఫలితం వచ్చేసరికి పాలు మీ గుమ్మంలో ఉంటాయి. అందుకే వారానికోసారి శాంపిళ్లు ల్యాబ్‌కి, స్ట్రిప్ అనుమానం చెప్పిన క్యాన్ మాత్రం వెంటనే. ఒక మాట, ఈ పరీక్షలు ఏ మందుల కోసం తయారుచేశారో వాటినే పడతాయి, అన్నింటినీ కాదు. మందు వేశానని ముందే చెప్పిన రైతుకి పారబోసిన పాలకి సగం ధర మేమే ఇస్తాం. లేకపోతే ఎవరూ చెప్పరు.

దీనికోసం వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి లీటరుకి రెండు రూపాయలు పెంచుతున్నాం. ఆ రెండు రోజుల పాలకి బిల్లులో డబ్బు తీసేశాం, ఫోన్ చెయ్యని వాళ్లకి కూడా. ఆ రైతు క్యాన్ నిన్నటి నుంచి మళ్లీ వస్తోంది. స్ట్రిప్ మీద రెండు గీతలూ చిక్కగా పడ్డాయి, అంటే ఆ మందు కనబడలేదన్నమాట.