గోల్‌కీపర్ గురించి నాలుగు మాటలు

సంపాదకులకు నమస్కారం.

గచ్చిబౌలి, కొండాపూర్ ప్రాంతాల్లోని టర్ఫుల మీద మన కుర్రాళ్లు రాత్రి పొద్దుపోయేదాకా అయిదుగురేసి ఫుట్‌బాల్ ఆడుకుంటున్నా, ఆ ఆటకు దగ్గరి చుట్టమైన, గట్టి నేల మీద ఇండోర్‌లో ఆడే ఫుట్‌సాల్ గురించి మీ క్రీడా పుటలో ఒక్క ముక్కా కనబడదు. ఇటలీ ఫుట్‌సాల్ గోల్‌కీపర్ స్టెఫానో మామరెల్లా ఆట జీవితాన్ని పరిచయం చేస్తే బాగుంటుందని నా మనవి. 1984లో కియేటిలో పుట్టిన ఆయన, 2011లో మోంటెసిల్వానో క్లబ్బు యూరప్ క్లబ్బుల ఫుట్‌సాల్ కప్పు గెలిచినప్పుడూ, 2012 ఫుట్‌సాల్ ప్రపంచ కప్పులో ఇటలీ మూడో స్థానం పొందినప్పుడూ, 2014లో ఆంట్‌వెర్ప్‌లో రష్యాను 3-1తో ఓడించి యూరప్ విజేతగా నిలిచినప్పుడూ జట్టులో ఉన్నారు.

మూడు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల ఎత్తున్న గోలు ముందు, అంతగా ఎగరని బంతిని అతి దగ్గర నుంచి కొడుతుంటే చేతులకంటే కాళ్లే ముందు కదలాలి. బంతి చేతికి చిక్కాక కోర్టులో సొంత సగంలో నాలుగు సెకన్లకు మించి ఉంచుకోకూడదు. ఎవరూ ముందుకు రారని మా అబ్బాయినే ఎప్పుడూ గోలు దగ్గర నిలబెడతారు. వాడి మోకాళ్ల మీద చెక్కుకుపోయిన చర్మం చూస్తే ఈ పని ఎంత కష్టమో తెలుస్తుంది. 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన భారత ఫుట్‌బాల్ జట్టు గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ పుట్టిన ఊరు కూడా మన హైదరాబాదే కదా!

ఇట్లు,
ఒక పాఠకుడు, కొండాపూర్, హైదరాబాద్