లెక్కలు ఇష్టపడే పిల్లలున్న ఇళ్లకి

నమస్కారం. పర్లాకిమిడి అక్క అడిగారు: బాబుకి లెక్కలే లోకం, మంచి లెక్కల డిగ్రీలో సీటొస్తుందా, ఖర్చు మనం భరించగలమా అని.

ఖర్చు చూస్తే బెంగళూరు ఐఎస్ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్)లో బీమ్యాథ్, అంటే లెక్కల డిగ్రీ, మేలు. ట్యూషన్ ఫీజు లేదు, పైగా నెలనెలా స్టైపెండ్. చదువు తగ్గితే అది ఆపేస్తారు. సీటే కష్టం. ప్రవేశ పరీక్షలో ఒక పేపరంతా ఆన్సర్లు వివరంగా రాయాలి, నిరూపణలతో సహా. ప్లస్ టూలో తొంభై శాతం చూసి మురిసిపోకండి. పాత పేపరొకటి టైమ్ పెట్టి రాయించండి, అవకాశమెంతో తెలిసిపోతుంది.

చెన్నై దగ్గర సీఎంఐ (చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్) పరీక్షా ఇదే తరహా. అక్కడ ఫీజుంది, రాయితీల గురించి అప్లై చేసేటప్పుడే అడగండి.

ఇక బరంపురం ఐసర్ (కేంద్ర ప్రభుత్వ సైన్సు విద్యాసంస్థ) మనకి దగ్గర. దానికి ఐఏటీ అనే ఐసర్ల ప్రవేశ పరీక్ష రాయాలి. ఫీజొక్కటే కాదు, హాస్టల్, మెస్, రైలు ఛార్జీలూ కలిపే లెక్కేసుకోండి.