దాళ్వా సంగతి

చి. సౌ. బుజ్జికి అమ్మ దీవెనలు.

మొన్న ఫోన్లో "ఈసారి దాళ్వా, ఆ రెండో పంట వరి, మానేయమని నాన్నకి చెప్పవే అమ్మా" అన్నావు కదా. చెప్పాను. బుద్ధిగా తలూపారు. సాయంత్రానికల్లా ట్రాక్టరు కుర్రాడితో చేను దమ్ము చేసి బురద పట్టించే సంగతి మాట్లాడొచ్చారు!

నీ మాట తీసిపారేయలేదులే. రాత్రి కూర్చుని లెక్కేశాం. 2025-26కి ప్రభుత్వం చెప్పిన మద్దతు ధర క్వింటాకి 2,369, అంటే 75 కిలోల బస్తా 1,777 రూపాయలు. కాగితం మీద బాగానే ఉంది. మొదటి పంట సార్వాకీ అదే ధర, మరి మన చేతికొచ్చిందేమిటి? మొంథా తుఫాను గాలికి చేను పడుకుంది. రోడ్డు మీద ఎన్నాళ్లు ఆరబోసినా తేమ కొనుగోలు కేంద్రం వాళ్లడిగే 17 శాతానికి దిగలేదు. కళ్లంలోనే వ్యాపారికి బస్తా 1,400కి ఇచ్చేశాం. కాటా వేస్తుంటే నాన్న అటు చూడలేదు.

దాళ్వా అలా కాదే. ఏప్రిల్ ఎండకి గింజ గలగలలాడుతుంది. నీరందితే మన చేలో ఎకరానికి 45 బస్తాలకి తగ్గదు. అసలు భయం ధర కన్నా నీళ్లదే. మనది కాలువ చివర, పైనుంచి సీలేరు జలాశయాల నీళ్లు వదిలినా మన వంతు వచ్చేసరికి నాలుగు రోజులు ఆలస్యం. కాలువలు కట్టేసేలోగా గింజ గట్టిపడాలి. అందుకే ఈసారి నాట్లు లేవు, వెదజల్లడమే. కూలి కూడా కలిసొస్తుంది.

వరి బదులు మినుములన్నావు. మన పల్లపు చేలో వేరు కుళ్లిపోతుంది తల్లీ.

ఖాళీగా వదిలేద్దామా అంటే, 2011లో కోనసీమ రైతులు పంట విరామమని చేలు వేయకుండా వదిలేసినప్పుడు నువ్వు నాలుగో తరగతి. ఆ ఏడు గేదెలకి గడ్డి కూడా కొన్నాం. పైగా కౌలు మూడెకరాలూ ఇప్పుడు వదిలితే జూన్‌లో మళ్లీ మనకిస్తారా?

ఇక ఏ రకం వేయాలంటే, నాన్న మొత్తం బొండాల వడ్లే అన్నారు. కేరళ గిరాకీ ఉంటే వ్యాపారి చేలోకే వస్తాడు, లేకపోతే ఫోనెత్తడు. రెండేళ్ల క్రితం ఆ ముచ్చటా తీరింది. అందుకని కౌలు చేలో 1121 రకం వరి, అది రైతు సేవా కేంద్రంలో మద్దతు ధరకి ఇచ్చుకోవచ్చు. మన సొంత రెండెకరాల్లో ఒకటి ఆయన బొండాలకి వదిలాను, పోరు పడలేక.

నిన్న రాత్రే విత్తనాలు మొలకెత్తడానికి మండె కట్టాం. నువ్వు పంపిన డబ్బు ముట్టుకోలేదు, యూరియాకి చాలకపోతే అడుగుతా. పండక్కి రెండు రోజులు ముందే రా.

అమ్మ