ఏ శాఖ తలుపు తట్టాలి?

సంపాదకులకు,

తులనాత్మక సాహిత్యంలో (వేర్వేరు భాషల సాహిత్యాలను పోల్చి చదివే విభాగం) పీహెచ్‌డీ చేశాను. స్త్రీల ఆత్మకథలు నా పరిశోధనాంశం. ఉద్యోగ ప్రకటనల్లో ‘సంబంధిత సబ్జెక్టు’ అన్న మాట దగ్గరే నా దరఖాస్తు ఆగిపోతోంది. భాషాశాఖ వారు ‘ఇది జెండర్ స్టడీస్ కదమ్మా’ అంటారు. అక్కడికి వెళితే సోషియాలజీ డిగ్రీ అడుగుతారు. కోల్‌కతాలోని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో బెంగాలీ కవి బుద్ధదేవ్ బసు 1956లోనే తులనాత్మక సాహిత్య శాఖను నెలకొల్పారు. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో జెండర్ సిద్ధాంతవేత్త జూడిత్ బట్లర్ పాఠం చెప్పిన శాఖల్లో తులనాత్మక సాహిత్యమూ ఒకటి. ఇదేమీ నిన్న మొన్నటి వింత కాదు! రెండు మూడు భాషల్లో మూలాలు చదవగలవాళ్లు తయారవడానికి ఏళ్లు పడుతుంది. తీరా వాళ్లకు దక్కేది గంటల లెక్కన గెస్ట్ లెక్చరర్ పని (సెలవుల్లో అదీ ఉండదు). అధ్యాపక అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో తులనాత్మక సాహిత్యం, ఉమెన్ స్టడీస్ రెండూ సబ్జెక్టులే. నియామక ప్రకటనల్లోనూ వాటిని పేరు పెట్టి రాయాలి.

– ఒక అతిథి అధ్యాపకురాలు